ఆసుపత్రి మేర

మా డాక్టరమ్మ పోయింది. ఊపిరితిత్తుల జబ్బుతో గుంటూరులో కన్నుమూసిందని నడికుడి స్టేషను నుంచి కబురొచ్చింది. మర్నాడు శవపేటిక అదే స్టేషనులో దిగింది. ఎడ్లబండి మీద ఊరికి తెచ్చి, ఆమె ముందే చెప్పుకున్నట్టు చర్చి వెనక పూడ్చాం.

ఆ ఆదివారం పెద్దమనుషులు సంతాపసభ పెట్టారు. ఊరి పొలంలో సగానికి యజమాని అయిన మా ప్రెసిడెంటుగారు కళ్ళు తుడుచుకుంటూ ఆమెను దేవతను చేశాడు. మనిషిగా ఉన్నంతకాలం ఆమెను ఊరు దాటించమని ఆసుపత్రి నడిపే జిల్లా బోర్డుకు అర్జీల మీద అర్జీలు పెట్టింది ఆయనే. దేవత అయితే సుఖం. దేవత ఏమీ అడగదు. నేను మాత్రం ఆమెను మనిషిగానే తలుచుకుంటాను. ఈ వయసులో నాకు పోయేదేమీ లేదు.

ఆమె వచ్చేనాటికి మా ఆసుపత్రి ఒక గది, ఒక వసారా. గదికి రెండు కిటికీలు. వీధివైపు కిటికీ దగ్గర ఊరివాళ్ళకు బల్ల ఉండేది. పల్లెవాళ్ళు, అంటే ఊరికి ఎడంగా పెట్టిన కూలిజనం, పెరటి కిటికీ కింద ఎండలో నిలబడి సీసా పైకెత్తాలి. సీసాకు సీసా తగలకుండా పైనుంచి మందు పోసేవారు. సగం చేతిమీద పడేది. వచ్చిన వారంలోనే ఆమె వడ్రంగిని పిలిచి పెరటి కిటికీకి చెక్కలు కొట్టించింది. ఇదేమిటని అడిగితే, "మేకలొచ్చి దూది తింటన్నాయి" అంది, ముఖం మామూలుగా పెట్టి. ఆనాటి నుంచి అందరూ ఒకే వసారాలో కూర్చున్నారు. కొందరు అలిగి వైద్యానికి గురజాల పోయారు. జ్వరం గురజాల దాకా ఆగదు కనుక తిరిగొచ్చారు.

పొట్టి మనిషి. గొంతు మాత్రం బండి తోలేవాడి గొంతు. సూదులు వసారాలోనే, అందరూ చూస్తుండగా ఉడికించేది. "లోపల ఉడకబెడితే మంత్రం అనుకుంటారు మాస్టారూ. కళ్ళ ముందయితే వంట అనుకుంటారు. వంటకి భయపడరు" అనేది.

సాయంత్రాలు వేరుశనక్కాయలు నములుతూ మా అరుగు మీదికొచ్చి పుస్తకాలు తీసుకెళ్ళేది. ఒకసారి ఒక ప్రబంధం తిరిగిస్తూ, "ఏంది మాస్టారూ, ఊరంతా అంత వర్ణించాడు, ఒక్కడికీ చలిజొరం రాదేంది?" అని అడిగింది.

"వస్తుందమ్మా. విరహజ్వరం."

"దానికేం మందు?"

"మంచిగంధం, తామరాకులు."

"అవయితే మన బోర్డు కూడా ఇయ్యగలదు."

జీవితమంతా కావ్యాలు చదివి నేను చేయలేకపోయిన విమర్శ అది.

యుద్ధం ముదిరాక బోర్డు చేతులెత్తేసింది. క్వినైను రావడం మానేసింది, మంత్రసాని జీతం ఆగింది, చివరికి ఆసుపత్రి మూసేయమని హుకుం వచ్చింది. అప్పుడు ప్రెసిడెంటుగారు తన ఖర్చుతో నడిపిస్తానన్నాడు. గోడమీద తన తండ్రిగారి పేరు చెక్కిస్తే చాలునన్నాడు. చావడిలో అందరూ తలలూపారు. డాక్టరమ్మ ఒక్కతే అడ్డం తిరిగింది.

"దానం వద్దయ్యా. దానం మీద నడిస్తే, తమరికి కోపమొచ్చిన రోజు మూతబడిద్ది. కల్లంలో మేర ఇప్పించండి."

మా వైపు కమ్మరికీ, వడ్రంగికీ, చాకలికీ పంట నూర్చాక, రైతు కుప్ప కొలుచుకోకముందే, కల్లంలోనే వాళ్ళ వంతు గింజలు తీసి పెడతారు. అదే మేర. అది బిచ్చం కాదు, హక్కు. పెద్ద కుప్పకు పెద్ద మేర, చిన్న కుప్పకు చిన్న మేర.

"కుప్పే లేనోళ్ళ సంగతేంది? వాళ్ళకి ఊరికే పోస్తావా మందు?" అన్నాడు ప్రెసిడెంటుగారు.

"తమరి కుప్ప కోసింది వాళ్ళు, నూర్చింది వాళ్ళు. వాళ్ళ మేర కూడా అందులోనే ఉందయ్యా."

"సరేలే. మేర అడగటం మీవాళ్ళకి అలవాటే గదా."

ఆమె తడుముకోలేదు.

"అవునయ్యా. మా నాయన మేర తీసుకొనే మీ పెద్దల బావులకి తోలు బొక్కెనలు కుట్టాడు. ఏనాడన్నా ఒకరిది కుట్టి ఇంకొకరిది పక్కన పారేశాడా? నేనూ అంతే. మేర తీసుకున్నాక ఎవుర్నీ కాదనను. తమర్ని కూడా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకు ఒప్పుకోక తప్పలేదు. ఆమె బోర్డు ఉద్యోగం వదిలేసి ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ ఏటి నుంచి మా జొన్నలు సంతలో అమ్ముడై, గుంటూరు మందులై నడికుడిలో దిగేవి. మంత్రసాని పల్లెకూ ఊరికీ ఒకే కాళ్ళతో తిరిగింది.

పెద్దరైతులు మొదట్లో ఒక పొరపాటు పడ్డారు. తమ మేర పెద్దది కనుక తమ వంతు ముందనుకున్నారు. ప్రెసిడెంటుగారు మెడమీద సెగ్గడ్డతో వచ్చి సరాసరి గదిలోకి నడిచాడు. ఆమె తల ఎత్తకుండా అడిగింది.

"కొలిమి కాడ కమ్మరి ఎవరి కర్రు ముందు కాలుస్తాడయ్యా? పెద్దరైతుదా, ముందొచ్చిందా?"

"ముందొచ్చిందే."

"కూర్చోండి మరి."

కూర్చున్నాడు, తన పాలేరు పక్కన. సెగ్గడ్డ మానింది. ఆ కూర్చోవడం మాత్రం మానలేదు. మొన్నటి సభలో అదే చీమోడింది.

ఆసుపత్రికి ఆమె పేరు పెడతారట. పాలరాతి పలక వేయిస్తారట. మేర మాత్రం ఎత్తేస్తారట. స్వరాజ్యం వచ్చాక ఇంకా ఈ పాత మేరలేమిటన్నాడు ప్రెసిడెంటుగారు. చందా కట్టిన ఇళ్ళకు కొత్త డాక్టరును తెస్తారట. కట్టలేనివాళ్ళు గురజాల నడవచ్చు. నేను లేచి, "ఆమె పేరు పెట్టి ఆమె పని తీసేస్తారా?" అన్నాను. "మాస్టారికి వయసు మీదపడింది, కూర్చోబెట్టండి" అన్నాడాయన. కూర్చోబెట్టారు. కూర్చున్నవాడు రాయలేడని ఆయనకెవరు చెప్పారో తెలియదు. కల్లం మీద పుట్టిన హక్కును సంతాపసభలో పాతిపెట్టడం కుదరదని ఈ ఊరికీ, చుట్టుపక్కల ఊళ్ళకూ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నిన్న ప్రెసిడెంటుగారి జొన్న కల్లానికి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. ఏటా తూర్పారబట్టే ముందే ఆసుపత్రి మేర పోసే చోటు పేడతో అలికి ఉంచేవారు. ఈ ఏడు అలకలేదు. కూలీలు వచ్చి, ఆ చోటు చూసి, చేటలు ఒళ్ళో బోర్లించుకొని కూర్చున్నారు.

"ఏందే కూర్చున్నారు? గాలి పోద్ది" అన్నాడాయన.

ముఠాకు పెద్దయిన ముసలమ్మ కూర్చున్నచోటి నుంచే అడిగింది. "ఆసుపత్రి చోటు అలకలేదేందయ్యా?"

"డాక్టరమ్మే లేదు గదే."

"డాక్టరమ్మ లేదు. జొరం ఉంది గదయ్యా."

ఆయన మాచవరం నుంచి వేరే కూలీలను తెప్పిస్తానన్నాడు. తెప్పించుకోమంది. నూర్చిన జొన్న ఊకతో కలిసి కుప్పగా అలాగే పడి ఉంది. పడమటి గాలి మంచి ఊపు మీదుంది. ఇలాంటి గాలి మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆయన గాలి వైపు చూశాడు, కుప్ప వైపు చూశాడు. ముసలమ్మ కొంగు ముడి విప్పి, పొగాకు తీసి, తీరిగ్గా చుట్ట చుట్టుకోవడం మొదలుపెట్టింది.