పచ్చ దీపం ఎర్రబడేదాకా

రేణిగుంటలో మా సందు నుంచి స్టేషన్ రోడ్డులో ఉన్న టైలరింగ్ అంగడికి నేను రోజూ బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండిలో వెళ్తాను. చిన్నతనంలోనే నా రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఈ బండి రాకముందు మా నాయన నన్ను ఎత్తుకుని ఆటో ఎక్కించేవాడు. నాకు నలభై దాటాయి, ఆయనకు డెబ్బై దాటాయి. ఇక ఎత్తించుకోకూడదని బండి వచ్చిన రోజే అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఒక ఉదయం బండి సందు మొదట్లోనే ఆగిపోయింది. చార్జర్ పెడితే ఎర్ర దీపం వెలగాలి, బ్యాటరీ నిండాక అది పచ్చగా మారాలి. ముందురోజు పెట్టగానే పచ్చ దీపం కనబడితే నిండుగానే ఉందనుకున్నాను. బండిని ఇంటికి నెట్టించుకుని మళ్లీ పెట్టి చూశాను. ఖాళీ బ్యాటరీకి తగిలించినా అదే పచ్చ దీపం. బ్యాటరీ ఉన్నట్టే చార్జర్‌కు తెలియడం లేదు.

బండిని సామాన్ల ఆటోలో వేసుకుని నాయనా నేనూ తిరుపతిలో దాన్ని రిపేరు చేసే అంగడికి పోయాం. అక్కడి మెకానిక్ సీటు ఎత్తి ఒకసారి చూసి మూసేశాడు.

"బ్యాటరీలు సచ్చిపోయినాయక్కా. రెండూ కొత్తవి ఎయ్యాల."

"మీటరు పెట్టి సూడప్పా."

"మీటరెందుకు? దినామూ సూసేదేగదా. అయినా సర్కారోళ్లు ఊరికే ఇచ్చిన బండికి ఇన్నాళ్లు వచ్చిందే ఎక్కువ. ఇంట్లో మొగోళ్లు ఎవురన్నా ఉంటే పంపీ, వాళ్లకి ఇవరంగా చెప్తా."

నాయన అక్కడే ఉన్నాడు. ఆయన ముఖం నల్లబడింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"మొగోళ్లు వస్తే నీకు మీటరు దొరుకుతాదా?" అన్నాను. "బండి ఎక్కించు నాయనా, పోదాం."

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఊరి పక్కన ఫ్యాక్టరీలో పదకొండేళ్లు నేను సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేశాను. ఆ లైను మూసేశాక బట్టలు కుట్టడం మొదలుపెట్టాను గానీ, నా సోల్డరింగ్ ఐరన్, మీటరు పెట్టెలోనే ఉన్నాయి.

దారిలో నాయన మెల్లగా అన్నాడు. "ఎందుకు మే మనకీ పంతం? కొత్తవి ఏసుకుందాం. అందాకా అంగడి దాకా నేను నెట్టుకోని పోతా."

"నువ్వు నెట్టేది వద్దు. సరిగ్గా సూడకుండా చెప్పిన మాట నేను ఇనను."

ఇంటికి రాగానే బ్యాటరీల మీద మీటరు పెట్టాను. రెంటికీ కలిపి ఇరవై మూడున్నర వోల్టులు. ఆకలితో ఉన్నాయి గానీ చావలేదు. అంటే తప్పు చార్జర్‌దే.

ఈ రకం చార్జర్ ప్లగ్‌లో పెట్టగానే కరెంటు వదలదు. తీగ అవతల బ్యాటరీ ఉందా లేదా అని ముందు చూసుకుంటుంది, ఉందని తేలితేనే వదులుతుంది. ఆ చూసే దారిలో ఎక్కడో తెగింది. మూత విప్పి, పెద్ద కెపాసిటర్‌లో మిగిలిన కరెంటును బల్బు తీగలు ఆనించి దించేశాను. తర్వాత గోడకు ప్లగ్ పెట్టకుండా బ్యాటరీ ఒక్కటే తగిలించి చూశాను. బోర్డు అంచు దాకా ఇరవై మూడున్నరా వస్తోంది. చిన్న చిప్ కాలు దగ్గర సున్నా.

అతుకులు వదిలాయనుకుని ఆ వైపు ఉన్నవన్నీ కాల్చి కొత్తగా అతికించాను. పెట్టి చూస్తే మళ్లీ పచ్చ దీపమే. రెండో రోజు తీగ కూడా మార్చాను. పచ్చ దీపమే. నాయన ఏమీ అనలేదు, కాఫీ గ్లాసు పక్కన పెట్టి పోయాడు. ఆ ఊరుకోవడం నాకు మెకానిక్ మాటకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మూడో రోజు ఆ దారిలోని రెసిస్టర్లను ఒక్కొక్కటే ఊడదీసి కొలిచాను. మూడోదానికి మీటరు ఏమీ చూపలేదు. పైకి నిగనిగలాడుతోంది, లోపల తెగిపోయింది. బియ్యపు గింజంత వస్తువు! పాత టీవీ డబ్బా బోర్డులో అదే విలువది దొరికితే తీసి అతికించాను. మూత వేసి, బ్యాటరీ తగిలించి, స్విచ్ వేశాను.

ఎర్ర దీపం వెలిగింది.

"నాయనా!" అని అరిచాను. ఆయన పరుగున వచ్చి, ఏదో కాలిందనుకుని ముందు స్విచ్ ఆపేశాడు.

వారం తర్వాత అదే బండి నడుపుకుంటూ ఆ అంగడి ముందు ఆగాను. మెకానిక్ పనిలోంచి తలెత్తి బండిని చూశాడు. జరిగింది చెప్పాను.

"మేము చార్జర్లు ఇప్పమక్కా. మార్చేదే."

"ఇప్పొద్దు. ఇంగొకరికి సచ్చిపోయిందని చెప్పేముందు మీటరన్నా పెట్టు."

అక్కడ బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయనదీ నా బండి లాంటిదే. "నాయి గూడా సచ్చిపోయినాయంట. నువ్వు సూడు మా," అన్నాడు. సంచిలోంచి మీటరు తీసి పెట్టాను. ఒక బ్యాటరీ బాగానే ఉంది. రెండోది నాలుగు వోల్టులు కూడా చూపలేదు.

"ఇది నిజంగానే పొయ్యింది తాతా."

"నువ్వు గూడా వాళ్ల మాటే చెప్తాండావే! మళ్లీ సూడు."

మళ్లీ చూశాను. నమ్మలేదు. మీటరు తీగలు ఆయన చేతికే ఇచ్చి, ఎర్రది ఎక్కడ పెట్టాలో, నల్లది ఎక్కడ పెట్టాలో చూపించాను. ఒకటి పోయినా బ్యాటరీలు రెండూ జతగా మారిస్తేనే మంచిదని నాకు తెలుసు, ఆ మాటా చెప్పాను. ఆయన వాటిని ఆనించి, అంకె గట్టిగా చదివాడు. తర్వాత తలెత్తి మెకానిక్‌ను పిలిచాడు.

"ఈడికి రాప్పా. వచ్చి నువ్వు గూడా సూడు."

అతను లేచి వచ్చేదాకా ఆయన ఆ తీగలు వదల్లేదు.