బాలినమక్ మృతుల పేర్లు

2008 సెప్టెంబరు 7, ఆదివారం, ఉదయం 8 గంటల 20 నిమిషాలకు అరోరాలో షికాగో రైలు ఎక్కాము. నాతో మా చెల్లెలి మనవరాలు స్నేహ ఉంది. ఇక్కడే ఎం.ఎస్. చదువుతోంది. దాని క్లాస్‌మేట్ ఐలీన్ తమ కుటుంబ సమావేశానికి మమ్మల్ని పిలిచింది.

1798లో ఐర్లండులోని బాలినమక్ దగ్గర ఇంగ్లీషువారి మీద తిరగబడినవాళ్లు ఓడిపోయారు. సాయం వచ్చిన ఫ్రెంచి సైనికులను ఖైదీలుగా పట్టుకుని, ఐరిష్ వాళ్లను మాత్రం చంపేశారు. ఐలీన్ ముత్తాత, తొంభై ఒక్క ఏళ్ల ప్యాట్రిక్ గారు, ఏటా ఆ కథ చెప్పి, ఆ మృతుల్లో తమ ఊరివాళ్లయిన పదకొండు మంది పేర్లు తలుస్తారు.

"ఎక్కడా రాసి లేవు అమ్మమ్మా, ఆ తాతగారికి ఒక్కరికే తెలుసు. ఫస్ట్ టైమ్ ఐలీన్ రికార్డ్ చేస్తోంది. మధ్యలో ఎవ్వరూ మాట్లాడకూడదట," అంది స్నేహ. "ఇంతకీ ఏం రాస్తున్నావ్?"

"యుద్ధం సెప్టెంబరు 8న. ఏ వారమో లెక్క కడుతున్నాను."

"రిటైరై ఇరవై ఏళ్లయింది, ఇంకా లెక్కల టీచరేనా!"

లెక్కకు శనివారం వచ్చింది. రెండోసారి కట్టి చూశాను. శనివారమే.

9.45కు షికాగోలో దిగి, బస్సులో నలభై నిమిషాలు వెళ్లాము. ఆదివారం బస్సులు తక్కువ. వెళ్లేవారు ముందే వేళలు చూసుకోవాలి. చర్చి హాల్లో భోజనం. బంగాళాదుంపలు, క్యాబేజీ ఉన్నాయి గానీ శాకాహారులు అడిగి వడ్డించుకోవడం మంచిది.

1.10కి ప్యాట్రిక్ గారు మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని, వాళ్ల నాయనమ్మ చెప్పిన వరసలోనే చెప్పారు. పేర్లలోకి వచ్చారు. నాలుగో మనిషి ఆ ఆదివారం పొద్దున ప్రార్థన నుంచి నేరుగా యుద్ధానికి వెళ్లాడన్నారు.

"శనివారం అండీ," అన్నాను ఇంగ్లీషులో. నా నోట్‌బుక్ కూడా ఎత్తి చూపించాను.

ఆయన కళ్లు తెరిచారు. "శనివారమా? మా నాయనమ్మ ఆదివారమనే చెప్పిందమ్మా." వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. తర్వాతి పేరు రాలేదు. మొదటి నుంచి రెండుసార్లు మళ్లీ చెప్పారు. రెండుసార్లూ నాలుగో పేరు దగ్గరే ఆగిపోయారు. "క్షమించండి," అని ఆయనే అందరినీ అడిగారు. ఐలీన్ వచ్చి ఆయన చేతికి టీ అందించింది. నేను నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకున్నాను.

4.40 రైలుకు తిరిగి బయలుదేరాము. రైల్లో స్నేహ అంది, "నువ్వు చెప్పింది కరెక్టే అమ్మమ్మా." అంతకంటే తిట్టినా బాగుండేది. నలభై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దాను. ఆ హాల్లో నన్ను ఎవరూ లెక్క అడగలేదు.

జనవరిలో ప్యాట్రిక్ గారు పోయారు. మిగతా పేర్లు ఆయనకు మళ్లీ గుర్తుకు రాలేదట.

పేర్లు పదకొండు. రికార్డయినవి నాలుగు. పోయినవి ఏడు.