మూడు సూతుల నట్టు

మా బావ ముందుపళ్ళు రెండు, ఆయన కుడి మణికట్టులో ఉండిన వాటం, బురదపాలైన చీరలు ఆరు, నాలుగు నెలల మగ్గం పని, ఊళ్ళో ఒక సైకిలంగడి, దాన్ని నడిపిన మనిషికి ఉండిన మంచిపేరు. పోయినవాటిని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను గాని, ఆ లెక్కలో నా పేరు ఎక్కడా రాలేదు. పోయిన వారం తిరువళ్లూరులో ఒక సైకిలంగడి ముందు నిలబడి ఉండగా ఆ మొత్తమంతా నా నెత్తిన పడింది.

నేను స్టేషను దాకా తొక్కే పాత సైకిలుకు వెనక చక్రం నట్టు ఒకటి ఎక్కడో రాలిపోయింది. ఇంట్లో డబ్బాలోని పాత నట్లలో లావు సరిపడేదాన్ని ఏరి జేబులో వేసుకుని, పానా అడిగి బిగించుకుందామని వెళ్ళాను. అంగడాయన మా పళ్ళిపట్టు వైపు మనిషే. నేను బలం పెట్టి తిప్పబోతే గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగన్నా, ఆగు! ఇరుసును చంపేస్తావా ఏంది? అది సైకిలు నట్టు కాదు."

లావు సరిపోయింది కదా అన్నాను. ఆయన దువ్వెన పళ్ళలాంటి ఒక రేకు తీసి, మొదట ఇరుసు మర చుట్ల మీద, తర్వాత నట్టు లోపల ఆనించి చూపించాడు.

"లావు ఒకటేనన్నా. చుట్లు చూడు. దీనికి అంగుళానికి ఇరవయ్యారు, నీదానికి పదహారు. బలం పెడితే ఒకటిన్నర చుట్టు ఎక్కి, చచ్చినా కదలనట్టు పట్టుకుంటాది. గట్టిగా ఉండాదిలే అనుకుంటావు. లోపల మర మొత్తం కోసుకోనుంటాది. నాలుగు గతుకులు తగిల్తే ఊడొచ్చేస్తాది."

అక్కడి బల్ల మీద కూలబడితే ఆయన ఎండదెబ్బ అనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఇరవై నాలుగేళ్ళ కిందట నేను పొదటూరుపేటలో ఒక మరమగ్గాల కొట్టంలో లెక్కలు చూసేవాణ్ణి. బడి చదువు ఎనిమిదితో ఆగిపోయినా, కూడికలూ గుణకారాలూ నాకు నేనే నేర్చుకుని, భూతద్దం గుడ్డ మీద పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో తడుముకోకుండా చెప్పేవాణ్ణి కాబట్టి, నా లెక్క తప్పదని ఊళ్ళో ఒక పేరుండేది, ఆ పేరును అందరికంటే ఎక్కువగా నమ్మినవాణ్ణి నేనే. మా బావ వారానికొకసారి చీరల మూట వెనక కట్టుకుని తిరుత్తణికి తొక్కేవాడు. ఆ సైకిలు బాగోగులు చూసేది సైకిలంగడి మామ, వరసేమీ లేకపోయినా ఊరందరికీ మామ.

ఒకసారి మామ పంక్చరు వేసి చక్రం బిగించి పంపితే, ఎడమవైపు నట్టు అంచులు అరిగిపోయి ఉండడం నాకు నచ్చలేదు. మగ్గం బోల్టును మంచానికీ, మంచం బోల్టును కిటికీకీ వేసి సర్దుకునే ఇళ్ళు మావి. నూలు పోగు తీసుకుని ఇరుసు మీద పది చుట్లు, మగ్గం బోల్టు మీద పది చుట్లు చుట్టి, విప్పి పోల్చి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. మూడు సూతులు, అంటే అంగుళాన్ని ఎనిమిది పాళ్ళు చేస్తే అందులో మూడు. ఆ బోల్టు నట్టునే తీసి సైకిలుకు వేశాను. ఎక్కనని మొరాయిస్తే రెండు చేతుల బలమూ పెట్టాను.

మర్నాడు తిరుత్తణి కనుచూపు మేరలో ఉండగా చక్రం ఊడింది. వెనక వస్తున్న లారీ ఆగబట్టి మనిషి మిగిలాడు. ఏ వైపు నట్టు ఊడిందో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు, నాది ఊడే వీలు లేదు కదా.

మా అక్క అంగడి ముందుకు వెళ్ళి నిలబడి అడిగింది. మామ పని ఆపి లేచాడు.

"నేను బిగించే పంపినానమ్మా. మళ్ళీ ఎవరన్నా చెయ్యి పెట్టినారా?"

"నేనే మామా," అన్నాను, "ఒక నట్టు అరిగిపోయి ఉంటే మగ్గం నట్టు వేసినాను. కొలిచే వేసినాను."

మామ నా వంక చూసి, "నట్టుకూ నట్టుకూ తేడా ఉండాది రా అబ్బోడా," అన్నాడు.

"తేడా నట్టులో యాడుండాది మామా, నీ చేతిలో ఉండాది," అంది అక్క. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. లెక్క తెలిసినవాడు నవ్వాడు కాబట్టి ఊరు నమ్మింది. పోనుపోను ఆ అంగడికి సైకిళ్ళు రావడం తగ్గిపోయింది, రెండేళ్ళకు మామ తలుపులు మూసి పళవేర్కాడులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన పోయాడని కబురు వచ్చినప్పుడు మేము చివరిచూపుకైనా వెళ్ళలేదు.

నిన్న అక్కకు ఫోను చేసి అంతా చెప్పాను. "ఆ మాట అన్న నోరు నాది రా," అని ఫోను పెట్టేసింది.

ఇప్పటి సైకిళ్ళ బోల్టులకు నెత్తిన ఆరుపలకల గుంటలు, కొలతలు మిల్లీమీటర్లలో. ఏది దేనికి పట్టదో పెట్టె మీదే రాసి ఉంటుంది, నాబోటివాడి నూలు పోగుతో పని లేదు. ఊడితే రసీదు చూపించి మార్చుకుంటాం, బిగించిన మనిషి ముఖం మనకు తెలియదు, అతని మాట వినవలసిన అవసరమూ రాదు. మనకు తెలిసిన మనుషులుండిన కాలంలో, చేత పానా పట్టుకుని ఒకాయన చెప్పిన ఒక్క ముక్క మనం విన్నామా అని ఈ వయసులో ఎవరిని అడగను?

బావ చేతికి కట్టు విప్పకముందే మామ ఆ సైకిలుకు కొత్త వెనక చక్రం వేసి, తానే నడిపించుకుంటూ తెచ్చి మా వాకిట్లో నిలిపి, ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. రిమ్ము ఒకటి, ఇరుసు ఒకటి, చువ్వలు నలభై, నట్లు రెండు. ఈ రోజుకీ మేము తిరిగి ఇవ్వనివి.