వేలికి తగిలిన బంతి

రెండేళ్ల క్రితం నేను తిరువూరులో డిగ్రీ చదువుతూ, కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి కెప్టెన్‌గా ఉండేదాన్ని. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఫైనల్‌కి వచ్చాం. స్కోరు సమానంగా ఉన్నప్పుడు, చివరి నిమిషంలో బంతి నా వేలికి తగిలి గీత దాటింది. రిఫరీ అది గమనించక బంతి మాకే ఇచ్చారు.

"ఆ అక్కకి తగిలింది సార్," అంది విస్సన్నపేట నుంచి వచ్చిన టీమ్‌లోని అమ్మాయి.

రిఫరీ నా వైపు చూశారు. "నాకు తగల్లేదు సార్," అన్నాను.

ఆ బంతితోనే గెలిచాం. కప్పు తీసుకుని వస్తుంటే ఆ అమ్మాయి ఎదురొచ్చి, "సారీ అక్కా, నేనే సరిగ్గా చూడలేదేమో," అంది. "పర్లేదులే," అంటూ నేనేదో క్షమించినట్టు ఆమె భుజం తట్టాను.

ఓడిపోయి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. నా మాట నమ్మి తన కళ్లనే అనుమానించుకున్న ఆ పిల్లని మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

- సలోమి, తిరువూరు