ముందు సీట్లో కూర్చుని ఎంచిన షాకులు

ఈ పొద్దున దీపం పెట్టి, రేడియోలో వార్తలు వింటూ బియ్యం ఏరుతున్నాను. అవ్వ, అంటే మా అమ్మ, వాకిట్లో తల దువ్వుకుంటోంది. అంతలో తమ్ముడు సత్తయ్య మా పికప్పు బండికి కుదుపు ఆపే కొత్త షాకులు, టైర్లు వేయించుకుని జనగామ బజారు నుంచి వచ్చాడు. అవ్వకు నడుము నొప్పి. దవాఖానకు కుదుపు లేకుండా పోవాలనే ఈ పని పెట్టుకున్నాం.

"అక్కా, షాకులేసిన మేస్త్రీ, నేను కలిసి రెండుసార్లు తిరిగి చూసినం. పూల మీద పోయినట్టే ఉన్నది" అన్నాడు.

మా ఇంట్లో మగవాళ్లు ముందు సీట్లో కూర్చుంటారు, ఆడవాళ్లం వెనక ట్రాలీలో పరిచిన గడ్డి మీద కూర్చుంటాం. బండి కొన్ననాటి నుంచీ అదే పద్ధతి. అట్లనే ఎక్కి దవాఖానకు బయలుదేరాం. ఊరు దాటకముందే నొప్పికి అవ్వ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాడు తెచ్చినవి పత్తి బస్తాల బరువుకు తగ్గ గట్టి షాకులు. ఖాళీ బండి వెనక ఎగిరెగిరి పడింది. నా నోట దేవుడి పేరు రాలేదు, కోపమే వచ్చింది. బండి ఆపించాను.

"యాడ కూసొని చూసినవ్‌రా?"

"ముందటనే అక్కా. ఎనుక ఎవలు కూసుంటరు?"

"నిన్ను కన్న అవ్వ కూసుంటది!"

వాడు బండిని మెల్లగా ఇంటికి తిప్పాడు. నా కోపం ఇంకా తగ్గలేదు. ఇది చదివేవాళ్లు, మీ ఇళ్లలో బండి ఎంచేది ఎవరో, వెనక కూర్చునేది ఎవరో జర రాయండి.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. ఇక అవ్వ ముందు సీట్లోనే కూర్చుంటుంది. షాకులు మారుస్తాం. మార్చినవి ఖాయం చేసే ముందు సత్తయ్య వెనక కూర్చుని కురవి దాకా పోయి రావాలి.

అవ్వ ఒక్క మాటే అన్నది: "గడ్డి జర మందంగ పరువుండ్రి. పోరని నడుము పాడైతది."