వచ్చేటప్పుడు ఇంకో పట్టా

అమెరికా వచ్చిన మీ అత్తగారికి నయాగరా చూపించారు, సరే. ఆవిడ ఏం చూడాలనుకుంటోందో ఒక్కసారైనా అడిగారా?

నేను అడగలేదు. కాబట్టి ముందు నా మీదే నేరం మోపుకుని ఈ మాటలు రాస్తున్నాను. కాలేజీ రోజుల్లో చర్చావేదికలెక్కి, స్త్రీకి సొంత ఇష్టాలుంటాయని, వాటిని అడిగి తెలుసుకోని సమాజానికి సంస్కారం లేదని బల్ల గుద్ది వాదించినదాన్ని. మంత్రాలూ ప్రార్థనలూ లేకుండా రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టి పెళ్లి చేసుకున్నదాన్ని. అలాంటి నేను, మా ఇంట్లో ఐదు నెలలున్న మనిషిని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

మా అత్తయ్య కోరిక చాలా చిన్నది. మామయ్య రైల్వేలో కీమ్యాన్. పట్టాల బిగింపులు ఎక్కడైనా వదులయ్యాయేమోనని రోజూ లైను వెంట నడిచి చూసే పని. రిటైరవ్వకముందే పోయారు. ఆయన ఒక్కరోజులో నడిచే దూరాన్ని తానూ ఒక్కసారి నడవాలని ఆవిడ కోరిక. అది కూడా తిరుగు విమానం ఎక్కేలోపు. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి ఆరు శనివారాలు పట్టింది.

మేముండేది నోవై అనే ఊళ్లో. ఇక్కడ పాలు అయిపోతే కారు తీయాలి, జుట్టు కత్తిరించుకోవాలంటే కారు తీయాలి. వేసవి మొదట్లో వచ్చిన అత్తయ్య మా వీధి చివరి మలుపు దాకా వెళ్లేది, తిరిగి వచ్చేది, మళ్లీ వెళ్లేది. "గానుగెద్దులా తయారయ్యానమ్మా" అనేది. నాకు వారాంతాల్లో సైకిల్ తొక్కే అలవాటుంది. ఇంటికి అరగంట దూరంలో ఒక పాత రైలు మార్గం ఉంది. పట్టాలు ఎప్పుడో పీకేసి, తారు వేసి, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలేశారు. ఆగస్టులో ఒక శనివారం ఆవిడని అక్కడికి తీసుకెళ్లాను. అది ఒకప్పుడు రైలు నడిచిన దారి అని నేను చెప్పలేదు. ఆవిడ కారు దిగి అటూ ఇటూ చూసింది.

"ఇది రైలు కట్ట కదూ?"

"మీకెలా తెలిసిందత్తయ్యా?"

"ఇంత తిన్నగా, ఇంత మట్టంగా, రెండు పక్కలా కాలవ తీసి ఇంకెందుకు పోస్తారు కట్ట? పట్టాలేవీ?"

"తీసేశారు."

"అయ్యో" అంది, తెలిసినవాళ్లెవరో పోయినట్టు.

ఆ రోజు కారు ఓనరు బుద్ధితో నేను చేసిన తప్పు ఒకటుంది. ముచ్చటగా కబుర్లు చెప్పుకుంటూ మైలు నడిచాక గుర్తొచ్చింది, కారు వెనకే ఉండిపోయిందని. అత్తయ్యని బెంచీ మీద కూర్చోబెట్టి పరుగు లాంటి నడకతో పోయి కారు తెచ్చాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "కార్లు లేనప్పుడు జనం ఇళ్లకెలా చేరేవాళ్లంటావు?"

మర్నాటి నుంచే ప్లాన్ వేయడం మొదలుపెట్టాను. ఆదివారాలు ఆవిడవి, మధ్యాహ్నం తెలుగు చర్చికి వెళ్తుంది. నా సహచరుడు దించి వస్తాడు. శనివారాలు మా ఇద్దరివీ. దారిని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కలో నీడ ఉంది, బాత్రూములు ఎక్కడ, బెంచీలు ఎన్ని, కారు ఎక్కడ ఆపాలి అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. తిరుగు నడక బాధ తప్పించడానికి గొప్ప ఉపాయం కూడా తట్టింది. ముందు కారులో దారి అవతలి కొసకి పోయి నా సైకిల్‌ని అక్కడ తాళం వేసి వదలడం. తర్వాత ఇవతలి కొసకి వచ్చి, కారు ఆపి, ఇద్దరం నడవడం. అవతలి కొస చేరాక ఆవిడ బెంచీ మీద కూర్చుంటుంది. నేను సైకిల్ మీద వెనక్కి పోయి కారు తెస్తాను. మోకాలి నొప్పి ఉన్న మనిషికి సగం నడక తప్పినట్టే కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను.

నడక మొదలుపెట్టే ముందు ఆవిడ కారు పక్కన నిలబడి కళ్లు మూసుకునేది. నేను బూట్ల లేసులు కట్టుకునేదాన్ని.

"ప్రార్థన చేస్తే మోకాలి నొప్పి తగ్గుతుందా అత్తయ్యా?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు తగ్గుతుంది? నొప్పి నొప్పే. పద."

ఇంకోసారి ఒక ముక్కని కాగితంలోంచి కొట్టేయబోయాను. "ఫోన్‌లో ఇక్కడ ఎత్తు చూపిస్తోంది. మీరు ఎక్కలేరు."

"అది పక్కనున్న రోడ్డుకై ఉంటుంది. రైలు కొండెక్కదమ్మా. ఎత్తుంటే కోస్తారు, పల్లం ఉంటే మట్టి పోస్తారు. నీ ఫోను చూసొచ్చిందా?"

వెళ్లి చూశాం. గుట్టని నిలువునా కోసి, రెండు పక్కలా మట్టిగోడల మధ్య దారి అరచేతిలా సాఫీగా ఉంది. చూసి, పరిశీలించి నమ్మమని ఊరందరికీ చెప్పే నేను ఒక ఫోన్ తెరని నమ్మాను. ప్రార్థన చేసే ఆవిడ కారణం వెతికింది. ఆ రోజు ఈ మాట పైకి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ప్రతి శనివారం అవతలి కొస చేరాక ఆవిడ వెనక్కి తిరిగి, నడిచొచ్చిన దారిని కాసేపు చూసేది. "ఇక వెనక్కి పోమా?" అనేది.

"అక్కర్లేదత్తయ్యా, మీరు కూర్చోండి. నేను కారు తెస్తాగా."

ఆవిడ కూర్చునేది. ఐదు వారాలు అదే ప్రశ్న, అదే జవాబు. ప్రశ్నని ప్రశ్నగా వినడం కూడా నాకు చేతకాలేదు.

ఆరో శనివారం నేను కారు తెచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. ఇంగ్లీషు రాదు, ఫోన్ కారులోనే వదిలేసింది. కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన నా మొహం చూసి, నేను నోరు తెరవకముందే, దారి వైపు చెయ్యి చూపించాడు. కారు వెనక నుంచి సైకిల్ దించి తొక్కాను. మైలు దూరంలో కనబడింది. దారి మధ్య పసుపు గీత ఉంటుంది. దానికి కుడిపక్కన, తల వంచి, నేల చూసుకుంటూ, ఏదో పారేసుకున్నదాన్ని వెతుకుతున్నట్టు నడుస్తోంది.

"ఏంటత్తయ్యా ఇది! చెప్పకుండా వచ్చేస్తే నేనేమైపోవాలి?"

"ఎక్కడికి పోతాను, రైలు దారేగా. తప్పిపోవడానికి మలుపులెక్కడున్నాయి?"

"మోకాలో?"

"ఉందిలే, ఎక్కడికీ పోలేదు."

ఆవిడ ఆగలేదు. నేను సైకిల్ దిగి, నడిపించుకుంటూ పక్కన నడిచాను. కాసేపటికి తనే చెప్పింది.

"మీ మామయ్య బీటు ఆరు కిలోమీటర్లు. పోనూ రానూ పన్నెండు. పోయేటప్పుడు ఒక పట్టా చూసుకుంటూ పోవాలి, వచ్చేటప్పుడు ఇంకో పట్టా చూసుకుంటూ రావాలి. అది రూలు. నువ్వేమో ఆరు వారాల్నుంచి నన్ను ఒక్క పట్టా మీదే నడిపిస్తున్నావు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా? కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించావు. మీ పెళ్లికీ అంతేగా. టైము చెప్పావు, ఆఫీసు అడ్రసు చెప్పావు." నవ్వుతూనే అంది. కానీ అంది.

నేను తల వంచుకున్నాను. ఆవిడ కూడా నేల చూస్తూనే మాట్లాడింది.

"భుజాన సుత్తి, స్పానరు, జెండాలు వేసుకుని వచ్చి గుమ్మంలో కూలబడేవారు. 'అంత అలసటేంటి, నడవడమేగా మీ పని' అనేదాన్ని. ఒక్కసారి కాదమ్మాయ్, రోజూ. ఆయన నవ్వి ఊరుకునేవారు. అదెంత నడకో నా కాళ్లతో చూడాలని ఉంది. అక్కడ లైను మీదికి రానివ్వరు. ఇక్కడైతే రైలు రాదు."

చనిపోయిన మనిషికి ఇదేమీ చేరదు అన్న వాక్యం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఏళ్ల తరబడి సాన పెట్టిన వాక్యం. నేను అనకముందే ఆవిడ అంది: "ఆయనకి తెలుస్తుందని కాదు. నాకు తెలియాలి."

తెలుసుకోవాలన్న కోరిక తరఫునే కదా నేను జీవితమంతా వాదించింది!

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీది కాగితం చింపేశాను. ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. పాత స్టేషన్ నుంచి బయల్దేరితే ఆరు కిలోమీటర్లకి ఒక వాగు మీద వంతెన వస్తుంది. అక్కడ తిని, వెనక్కి. ఆవిడ చెప్పింది, నేను రాశాను. విమానానికి మూడు శనివారాలున్నాయి. మొదటిది పోనూ రానూ నాలుగు మైళ్లు సాధన. రెండోది వానలో కొట్టుకుపోయింది. మిగిలింది ఒక్కటే.

ఆవిడ కొడుకు, అదే నా సహచరుడు, ఒప్పుకోలేదు. "బుధవారం ఫ్లైట్ పెట్టుకుని ఏడున్నర మైల్సా? నీకేమన్నా పిచ్చా?" అని నా మీద ఎగిరాడు. "విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బుల్ని, ప్రీ-ఎగ్జిస్టింగ్‌ని, కవర్ చేయదు, తెలుసా? మోకాలు లాక్ అయితే ఏం చేస్తాం?"

"ఏం చేస్తావు, మోస్తావు" అంది అత్తయ్య. "నిన్ను మోయలేదూ నేను?"

అతని భయంలో న్యాయం ఉంది. అందుకే రోడ్డు అడ్డం వచ్చే రెండు చోట్లా కారు పెట్టుకుని అతను ఎదురుచూసేట్టు ఒప్పందం కుదిరింది. ఆవిడ చాలంటే అక్కడితో చాలు.

అక్టోబరు చివరి శనివారం. ముందురోజు వానకి మేపుల్ ఆకులన్నీ రాలి దారికి అతుక్కుపోయాయి. అత్తయ్య తన కొడుకు ఉన్ని టోపీ పెట్టుకుని, చీర మీద నా కోటు తొడుక్కుంది. నీళ్లూ అన్నం డబ్బా మోయడానికి నేను సైకిల్ తెచ్చాను, తొక్కడానికి కాదు. పాత స్టేషన్‌లో ఐస్‌క్రీమ్ కొట్టు చలికాలానికి మూసేశారు. ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థించింది. లేసులు అప్పటికే కట్టుకుని ఉన్నాను కాబట్టి ఊరికే నిలబడ్డాను.

పోయేటప్పుడు బాగానే నడిచింది. తల ఎత్తలేదు. వంతెన దగ్గర కూర్చుని గోంగూర పచ్చడి కలిపిన అన్నం, ఉల్లిపాయ తిన్నాం. రోజూ మామయ్యకి తాను మూటగట్టి పంపిన అన్నం ఇలాంటిదేనట.

"మామయ్య ఎక్కడ కూర్చుని తినేవారు?" అడిగాను.

ఆవిడ చేతిలో ముద్ద ఆగింది. "తెలీదు." వాగు వైపు చూసింది. "నేనూ అడగలేదమ్మా."

లేచి, పసుపు గీత దాటి అవతలి పక్కకి వెళ్లి, తిరుగు నడక మొదలుపెట్టింది. మైలు దాటేసరికి కుడి మోకాలు మొరాయించింది. రోడ్డు దగ్గర కొడుకు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "అమ్మా, చాలు. ఎక్కు." లోపల హీటర్ వెచ్చగా తగులుతోంది. ఆవిడ ఆ సీటు వైపు చాలాసేపు చూసింది. నా బతుకులో అంత కష్టపడి నోరు మూసుకున్న సందర్భం ఇంకోటి లేదు.

అప్పుడు సైకిల్ సీటు మీద చెయ్యి వేసి, "ఇది పట్టుకోనా?" అంది.

కొడుకు తలుపు మూశాడు. నేను హ్యాండిల్ పట్టుకున్నాను, ఆవిడ సీటు పట్టుకుంది. ఆరు వారాలు ఆవిడని బెంచీ మీద వదిలిపోవడానికి వాడిన సైకిలే అది. ఇరవై అడుగులు, ఆగడం. ముప్పై అడుగులు, ఆగడం. రెండో రోడ్డు దగ్గర కారుని ఆవిడ చూడనైనా లేదు. కొడుకు కారుకి తాళం వేసి, వెనక వచ్చి చేరాడు. వెనక నుంచి గంట కొడుతూ వచ్చిన సైకిళ్లవాళ్లు మమ్మల్ని చూసి వేగం తగ్గించి, పక్కనుంచి మెల్లగా పోయారు.

పాత స్టేషన్ మెట్టు మీద ఆవిడ కూలబడ్డప్పుడు మధ్యాహ్నం దాటింది. కొడుకు గొంతుక్కూర్చుని లేసులు విప్పి, బూట్లు లాగాడు. పాదాలు వాచి ఉన్నాయి. ఆవిడ వాటికేసి చూసుకుంది.

"నడవడమేగా" అంది.

కన్నీళ్లు తుడుచుకోలేదు. కాసేపటికి కళ్లు మూసుకుంది. ఆవిడ దేవుణ్ణి నేను ఆ రోజూ నమ్మలేదు, ఈ రోజూ నమ్మను. బుధవారం పొద్దున ఎయిర్‌పోర్టు దారిలో కూడా దాని మీద పోట్లాడుకున్నాం. కానీ ఆ మెట్టు మీద, కళ్లు తెరిచే, ఆవిడ పక్కన కూర్చుని, తడి బూట్లు నా ఒళ్లో పెట్టుకున్నాను.

మీ ఇంట్లోనూ ఒక మనిషి బెంచీ మీద కూర్చుని ఉంది. మీరు కారు తెస్తారని చూస్తోంది. నయాగరా టికెట్లు పక్కన పెట్టండి. ఫ్రిజ్ మీది కాగితం చింపండి. ఈ శనివారమే ఆవిడ ఎదురుగా కూర్చుని, మీకేం చూడాలనుంది అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. వచ్చాక వాదించకుండా లేచి, పోనూ రానూ ఆవిడ పక్కనే నడవండి.