కప్పతో కలిసి ఓడిన బాలయ్య మామ

బాలయ్య మామ పరమపదించాడన్న వార్త దేవరకొండ అంగట్లో, చేతిలో మిరపకాయ బజ్జీ ఉండగా నాకు చేరింది. బజ్జీ చల్లారింది. లేనివి ఉన్నట్టు చెప్పడంలో మండలమంతా పేరుమోసిన నా నోటికి ఆ పూట ఒక్క అబద్ధమూ తోచలేదు. కనుక ఈ వ్యాసంలో అతిశయోక్తులు తక్కువ.

మామకు బత్తాయి తోటే ప్రాణం. బోరు ఎండిన ఏడు చెట్టుకొక బిందె మోసి పోశాడు. ఆ ఎండకు జడిసి ఆయన నీడ ఇంట్లోనే ఉండిపోయేదని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

ఆ ఏడే, వాతావరణ మార్పులపై దేశదేశాలు జరిపే మంతనాల తరఫున ఒక బృందం కరువు ఊళ్ల జాబితా రాయడానికి వస్తోందని తెలిసింది. జాబితాకెక్కితే తోటకు నీటికుంట వస్తుంది.

"మామా, వాళ్లొచ్చినప్పుడు జర కరువు మొఖం పెట్టు" అని సర్పంచి బతిమాలాడు.

"పెట్టేదేందిరా? ఉన్నదే గది గద!"

వాళ్లు వచ్చేసరికి ఊళ్లో కప్పతల్లి ఆట సాగుతోంది. వాన కోసం రోకలికి కప్పను కట్టి, ఇంటింటా దానిపై నీళ్లు పోయించడం మా ఆచారం. రోకలి ఒక కొస మామ భుజాన ఉంది. అతిథిని వదిలి ముందుకు పోవడం మర్యాద కాదని నేరుగా బృందానికి పెద్ద అయిన దొరసాని ముందు నిలబడ్డాడు. "నువ్వు గూడ పొయ్యమ్మా! ఊకె మాట్లాడితే పడ్తదా వాన?" దుబాసీ నోరు తెరవకముందే ఆమె సీసా నీళ్లన్నీ కప్ప మీద కుమ్మరించింది. మామకూ కప్పకూ కలిపి ఫొటో తీశారు.

గంట తిరక్కుండా కుండపోత! బురదలో దిగబడ్డ వాళ్ల జీపును మేమే తోశాం. మర్నాటి నుంచి మళ్లీ చుక్క లేదు. జాబితాలో మాత్రం మా ఊరికి ఎదురుగా 'వర్షపాతం తృప్తికరం' అని పడింది. కప్పను ముట్టని పక్క ఊరికి కుంట దక్కింది.

సర్పంచి కప్ప మీద మండిపడితే మామ నవ్వాడు. "గన్ని దేశాలు కూసొని మాట్లాడినా రాని వానను గీ ఇంత కప్ప తెచ్చింది. దాన్ని తిడ్తవా? పొగ వదిలిన దేశాలోళ్లు బాగనే ఉన్నరు, ఓడింది నేనూ కప్పే."

నవ్వి, బిందె ఎత్తుకున్నాడు. సగం తోట ఎండింది. మిగిలిన సగాన్ని బతికించి పోయాడు.

దశదినకర్మకు ఇంట్లో ఒక్క ఫొటో దొరకలేదు. ఆ బృందం అచ్చేసిన పుస్తకంలోదే పెద్దది చేయించాం. కప్పను కత్తిరించాలా అని స్టూడియో అతను అడిగితే, "ఉండనియ్యి బిడ్డా, ఆ వానను తెచ్చింది వాళ్లిద్దరే గద" అంది అత్త. బంతిపూల దండ ఇద్దరికీ సరిపోయింది.

భోజనాలయ్యాక మామ తోట బత్తాయిలు పంచారు. పుల్లగా ఉన్నాయని అందరికీ చెప్పి కళ్లు తుడుచుకున్నాను. అబద్ధం. అంత తియ్యటి బత్తాయి ఈ నేల మీద మళ్లీ కాయదు.